గుర్రం దిగి అడుగు

నారిన్ పట్నం,
4 జూన్ 1984

గౌరవనీయురాలైన అక్క బురుల్చాకి తమ్ముడు తురార్ ప్రేమతో రాయునది.

మందా మనుషులూ క్షేమమా? గొర్రెపిల్లలు బాగా నిలిచాయా? గుర్రాలూ ఆవులూ క్షేమమా? సోన్‌కోల్ కొండమేత మీద గడ్డి బాగా లేచిందా? బావ ఆరోగ్యం, నీ ఆరోగ్యం ఎలా ఉన్నాయి? మా సంగతి అడిగితే, దేవుడి దయవల్ల నేనూ, నీ మరదలు జిపారూ కులాసాగానే ఉన్నాం. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

మందని కొండమీదికి తోలుకెళ్తుంటే వాగు దగ్గర గుర్రం జారి బావ కాలి మీద పడిందని పాల లారీ డ్రైవరు చెప్పాడు. పెద్ద దెబ్బేం కాదు కదా? బళ్ళో పరీక్షలు నడుస్తున్నాయి. పేపర్లు దిద్దలేక చస్తున్నాను. లేకపోతే వచ్చేవాణ్ణే. వీలైతే అదే లారీలో కాసిని ఎండుపెరుగు ఉండలు పంపించు. పట్నంలో దొరికేవి సుద్దముక్కల్లా ఉంటున్నాయి.

తప్పక జవాబు రాయి.

తురార్

*

సోన్‌కోల్,
11 జూన్

తమ్ముడు తురార్‌కి,

మంద క్షేమం. గొర్రెపిల్లలు నిలిచాయి. గుర్రాలూ ఆవులూ క్షేమం. గడ్డి లేచింది. మీ బావ క్షేమం. నేను క్షేమం. నువ్వు అడిగిన వరసలోనే చెప్పాను.

ఉండలు పంపుతున్నాను. కొన్ని లోపల పచ్చిగా ఉన్నాయి. ఎండలో పెట్టి తిను.

బురుల్చా

*

నారిన్ పట్నం,
19 జూన్

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చూశాక గుండె కుదుటపడింది. బావకి ఏమీ కాలేదంటే అంతకన్నా కావలసిందేముంది! లారీ డ్రైవర్లకి గోరంతలు కొండంతలు చేయడం అలవాటే. గుర్రం కింద పడి కూడా చెక్కుచెదరని మొండి ఘటం మా బావ అని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను.

పరీక్షలు అయిపోయాయి. జూలైలో జిపార్‌ని తీసుకుని ఇస్సిక్‌కోల్ సరస్సు ఒడ్డుకి రెండు వారాలు వెళ్దామనుకుంటున్నాం. యూనియన్ వాళ్ళు టికెట్లిచ్చారు. చలికాలం నుంచీ తను అదోలా ఉంటోంది. నీళ్ళ పక్కన నాలుగు రోజులుంటే తేరుకుంటుందని ఆశ. తిరిగొచ్చాక తీరిగ్గా మీ దగ్గరికి వస్తాం. గుర్రం పాలు పులియబెట్టి ఉంచు!

ఉండలు అందాయి. రుచి ఎప్పట్లాగే అమోఘం.

మందా మనుషులూ అందరూ క్షేమంగా ఉండాలని కోరుతూ,

తురార్

*

సోన్‌కోల్,
28 జూన్

ఒరేయ్ తురార్,

నమ్మేశావా? క్షేమం అని రాయగానే నమ్మేశావా? పైగా స్టాఫ్ రూములో చాటింపు కూడా వేయించావా?

నువ్వు మన నాన్న కొడుకువేనా? ఈ కొండల్లో ఎవరైనా మొదటిసారి అడిగితే నిజం చెబుతారట్రా? నెత్తిన గుడారం తగలబడుతున్నా మొదటి జవాబు 'దేవుడి దయ' అనే కదా. రెండోసారి అడిగినవాడికి సగం చెబుతాం. గుర్రం దిగి, జీను దించి, గుడారంలో కూర్చుని మూడోసారి అడిగినవాడికే అసలు సంగతి చెబుతాం. నాన్న ఏ ఇంటికెళ్ళినా ముందు జీను దించేవాడు. జీను మీద కూర్చుని అడిగేవాడు జవాబు వినడానికి రాలేదనేవాడు. నువ్వు జీను మీద కూర్చుని అడిగావు. అదీ గొర్రెల్ని అడిగాక, గుర్రాల్ని అడిగాక, గడ్డిని అడిగాక! నన్నైతే ఆవుల తర్వాత అడిగావు.

సరే, ఇప్పుడు విను. మీ బావ ఎముక రెండు చోట్ల విరిగింది. ఒక చోట తోలు చీల్చుకుని బయటికొచ్చింది. ఎముకలు కట్టే ముసలాయన్ని పక్క లోయ నుంచి తీసుకొచ్చాను. ఆయన లాగి, సర్ది, కట్టు కట్టి, దాని మీద అప్పుడే కోసిన గొర్రె పచ్చితోలు చుట్టాడు. తోలు మారుస్తూ ఉండు, లోపలి కట్టు మాత్రం విప్పొద్దు, విప్పితే ఎముక అతకదన్నాడు. అప్పట్నుంచీ ఈ మనిషి గుడారం గోడకి ముఖం పెట్టుకుని పడుకునే ఉన్నాడు. పెద్దాడు సైన్యంలో ఉన్నాడు. మందని నేనే తోలుతున్నాను, పాలు నేనే పితుకుతున్నాను, నీకు ఉండలు కూడా నేనే చేశాను. ఇన్నేళ్ళలో నీ అక్క ఎప్పుడైనా పచ్చి ఉండలు పంపిందట్రా? తిన్నావు కదా. తిని 'అమోఘం' అన్నావు. ఆ ముక్క చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

పరామర్శకి జనం రాలేదని కాదు. వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళకి గొర్రె కోయకపోతే నలుగురూ ముఖాన ఉమ్ముతారు. కోస్తూనే ఉన్నాను. సమష్టి వ్యవసాయ క్షేత్రం గొర్రెల జోలికి వెళ్ళలేను కదా, అన్నీ మా సొంతవే. మొన్న మన ఊమ్సున్ మేనత్త మనవళ్ళనీ మనవరాళ్ళనీ వేసుకుని దిగింది. గుడారంలోకి అడుగు పెడుతూనే మొదలుపెట్టింది. "ఎట్లా ఉన్నావ్ నాయనా, ఒంట్లో ఎట్లా ఉంది, నొప్పి తగ్గిందా, ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా, మంద క్షేమమా, కొడుకు ఉత్తరం రాశాడా, అంతా మంచే జరుగుతుందిలే, ఇదిగో బురుల్చా, మాంసం మరీ ఎక్కువ ఉడికించకు, నాకు పళ్ళు లేకపోయినా మెత్తగా ఉంటే నచ్చదు." మధ్యలో ఆయన నోరు తెరిచాడు. ఆవిడ చూడనే లేదు. ఆయన మళ్ళీ మూసుకున్నాడు. పోతూ పోతూ గొర్రె తలకాయ మూట కట్టించుకుని, "మేమైనా వచ్చి అడిగాం, పట్నంలో ఉన్న మీ తమ్ముడు తొంగి కూడా చూళ్ళేదు" అని పుండు మీద కారం చల్లి మరీ వెళ్ళింది.

క్షేత్రం కంపౌండరు అయితే గుర్రమే దిగలేదు. గుడారం తలుపు దగ్గర గుర్రాన్ని ఆపి, "ఏం ఒముర్జాక్ అన్నా, బాగానే ఉన్నట్టున్నావే! లేచి తిరిగేస్తావులే!" అని అరిచాడు. లోపల్నుంచి ఈ మహానుభావుడు "దేవుడి దయ, బాగానే ఉంది" అన్నాడు. "అదీ మాట" అని వాడు గుర్రం తిప్పుకున్నాడు. అది అడగడమా? ఏమీ చెప్పొద్దని బతిమాలుకోవడం.

నువ్వు ఇస్సిక్‌కోల్ వెళ్ళు. హాయిగా ఈతకొట్టు. మీ బావ చెక్కుచెదరని మొండి ఘటం కదా.

బురుల్చా

*

నారిన్ పట్నం,
5 జూలై

అక్కా,

ఈ ఉత్తరంలో మంద క్షేమం అడగను. మనుషుల క్షేమమూ అడగను. ఏది అడిగినా తప్పే కదా.

నేను బడిపంతుల్ని. సోది చెప్పేవాణ్ణి కాను. నువ్వు కాగితం మీద 'క్షేమం' అని రాసి, దాన్ని నేను 'చచ్చిపోతున్నాం' అని చదువుకోలేదని నన్ను తిడతావా? అబద్ధం రాసింది నువ్వు. నమ్మినందుకు దోషిని నేను. ఎక్కడి న్యాయం ఇది? రాలేదంటావు. వస్తే ఇంకో గొర్రె కోసి, ఊమ్సున్ అత్తయ్యతో పాటు నన్నూ తిట్టేదానివి.

నువ్వు అడగడం గురించి పాఠం చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. కడుపులో పెట్టుకుని తిరగడం ఇక నావల్ల కాదు. చలికాలంలో మా పాప ఒక్కరోజు బతికి పోయింది. నువ్వు వచ్చావు, కాదనను. గుర్రం మాంసం తెచ్చావు. ఇల్లు కడిగావు. దుప్పట్లు ఉతికావు. వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టావు. కానీ ఉన్నన్నాళ్ళూ జిపార్‌ని ఒక్క మాట అడిగావా? ఆమె మంచం పక్కనుంచి బకెట్ పట్టుకుని అటూ ఇటూ తిరిగావు. నన్ను పిలిచి "పొయ్యి పొగ లాగుతోందా" అని అడిగావు. పొయ్యి క్షేమం అడిగావు, అక్కా. నీ మరదలి క్షేమం అడగలేదు.

అడిగింది బావ ఒక్కడే. టోపీ తీసి, పొయ్యి పక్కన కింద కూర్చున్నాడు. తర్వాత "పాప ఎవరి పోలికమ్మా?" అన్నాడు. అంతే. అంతవరకు గోడ వైపు తిరిగి పడుకున్న జిపార్ లేచి కూర్చుంది. కనుబొమలు ఎలా ఉన్నాయో, వేళ్ళు ఎంత పొడుగో, అన్నీ చెప్పింది. బావ టీ చల్లారిపోయేదాకా విన్నాడు. ఆ మాట అడగడానికి నీకు నోరు రాలేదు. నువ్వు నాకు నేర్పుతున్నావా?

ఇంకో సంగతి కూడా రాస్తాను, నవ్వుకో. ఆ ఉండలు కొరకగానే జిపార్ అంది, "వదినగారింట్లో ఏదో జరిగిందండీ, ఇవి ఆవిడ చేతి ఉండల్లా లేవు" అని. నేనే కొట్టిపారేశాను.

తురార్

*

సోన్‌కోల్,
12 జూలై

తురార్,

పాప మాట ఎత్తావు. సరే, నేనూ ఎత్తుతాను.

నలభై రోజులు నిండని బిడ్డ పోతే తల్లిని ఏమీ అడగకూడదు. అడిగితే మళ్ళీ కడుపు పండదు. ఇది నేను కనిపెట్టింది కాదు, మా అత్తగారు చెప్పింది. నా రెండో బిడ్డ పోయినప్పుడు ఆవిడ ఇల్లు కడిగింది, దుప్పట్లు ఉతికింది, పొయ్యి చూసుకుంది. నన్ను ఒక్కరూ అడగలేదు. అదే మర్యాద అన్నారు. నాకు తెలిసిన మర్యాద అదొక్కటే, దాన్నే నీ పెళ్ళానికి చేశాను. అది మర్యాద కాదని ఇవాళ నువ్వు పట్నం నుంచి కాగితం మీద చెబుతున్నావు. చాలా సంతోషం.

కానీ నన్ను కాల్చేస్తున్నది నీ మాట కాదు. పోలిక అడగడం మీ బావకి తెలుసన్నమాట! నా బిడ్డ ఎవరి పోలికో ఆయన నన్ను ఏనాడైనా అడిగాడా? మట్టి చేసి వచ్చి, చేతులు కడుక్కుని, "గొర్రెల్ని ఎవరు తోలారు ఇవాళ?" అన్నాడు. అంతే. అన్నేళ్ళ తర్వాత నీ ఇంటికొచ్చి, నీ పెళ్ళాం దగ్గర కూర్చుని, టీ చల్లారేదాకా విన్నాడా!

నీ ఉత్తరం ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. కావాలనే చదివాను. అదంతా విని, ఇన్నాళ్ళకి ఇటు తిరిగి, ఏమన్నాడో తెలుసా? "జిపార్ ఎట్లా ఉంది?" అన్నాడు. చేతిలో ఉన్న గరిటె విసిరికొట్టాను. ఆయనకి తగల్లేదులే, పాల కుండకి తగిలింది.

ఆయన తిండి తగ్గించేశాడు. ఒళ్ళు కాలుతోంది. తోలు మార్చినా గుడారంలో వాసన పోవడం లేదు. ఏమిటది అంటే "పచ్చితోలు వాసన, ఇంకేం" అంటాడు. కట్టు విప్పి చూస్తానంటే ముసలాయన వద్దన్నాడు కదా అంటాడు. ఎలా ఉంది అంటే "బాగానే ఉంది, నువ్వెళ్ళి మంద చూసుకో" అంటాడు. ఆస్పత్రికి పోదామంటే, కాలు అతికాక నడిచే పోదాం అంటాడు.

నువ్వు రావద్దు. నీ పెళ్ళాన్ని తీసుకురావద్దు. మీ టికెట్లు వృథా చేసుకోవద్దు. మేం క్షేమం.

బురుల్చా

*

నారిన్ ఆస్పత్రి,
23 జూలై

అక్కా,

మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. బావ బతికాడు. ఇది ముందు చదువు, తర్వాత కింద కూర్చో.

కాలు దక్కలేదు. మోకాలి పైదాకా తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మనిషే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. నిన్నటి నుంచి జ్వరం దిగింది. ఇవాళ పొద్దున చారు తాగాడు.

నువ్వు రావద్దని రాశావు కాబట్టే వచ్చాం. ఈసారి నమ్మలేదు. అయినా గుమ్మంలోనే పట్టుకుని "ఎవరు పిలిచారు మిమ్మల్ని? ఇస్సిక్‌కోల్‌లో నీళ్ళు అయిపోయాయా?" అని తిట్టిపోశావు. జిపార్‌ని పలకరించకుండా మంద దగ్గరికి వెళ్ళిపోయావు. నువ్వు తిరిగొచ్చేసరికి మేం బావని లారీలోకి ఎక్కిస్తున్నాం. నీతో రెండు ముక్కలు చెప్పే టైము కూడా లేదు. ఎక్కిస్తుంటే లోపల ఏం మాయ చేశారని అరిచావు. చెబుతున్నాను.

పాల లారీలో వచ్చినా, జీను దించినవాడిలాగే గుడారంలోకి వెళ్ళాను, అక్కా. కూర్చుని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "దేవుడి దయ" అన్నాడు. నువ్వు చెప్పిన నాన్న పద్ధతి పనిచేయలేదు. అప్పుడు జిపార్ నన్ను పక్కకి జరగమంది. బావ పక్కన నేల మీద కూర్చుంది. ఎలా ఉంది అని అడగలేదు. "అన్నయ్యగారూ, నొప్పి పగలు ఎక్కువా, రాత్రి ఎక్కువా?" అంది.

దానికి 'దేవుడి దయ' అని జవాబు చెప్పడం కుదరదు కదా. బావ దుప్పటి కిందున్న కాలి వైపు చూశాడు. తర్వాత, "నొప్పి లేదమ్మా. వారం అయింది పోయి. పాదం ఉందో లేదో తెలీడం లేదు" అన్నాడు. "మరి వదినగారికి చెప్పలేదేం?" అంది. "అది ఒక్కతీ మందని తోలుకుంటోంది. చెప్తే ఏం చేస్తుంది, కూర్చుని ఏడుస్తుందా? కాలు దానంతటదే సర్దుకుంటుందిలే అనుకున్నా" అన్నాడు. జిపార్ కత్తి తీసుకుని కట్టు కోసేసింది. నేను బయటికి పరిగెత్తి కక్కుకున్నాను. ఆమె కదల్లేదు.

ఇప్పుడు కూడా డాక్టరు వచ్చి ఎలా ఉందంటే "బాగానే ఉంది" అంటున్నాడు. జిపార్ పక్కనుంచి "అబద్ధం డాక్టరుగారూ, పొద్దున్నించీ పళ్ళు కొరుక్కుంటున్నారు" అని చెబుతోంది. ఇద్దరికీ దెబ్బలాటలే.

ఇవాళ బావ నన్ను అడిగాడు, "బురుల్చా ఎట్లా ఉంది?" అని. క్షేమంగానే ఉంటుందిలే అన్నాను. "నిన్నెవడడిగాడ్రా?" అని విరుచుకుపడ్డాడు. "దాన్నే రాయమను. దాన్ని నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నానని చెప్పు." ఇది ఆయన మాట, ఉన్నదున్నట్టు రాశాను.

తురార్

*

సోన్‌కోల్,
1 ఆగస్టు

తురార్, ఇది నీకు రాసింది కాదు. ఆయన మంచం పక్కన కూర్చుని గట్టిగా చదువు. వార్డులో అందరూ విన్నా సరే. ఒక్క తిట్టు మింగినా ఊరుకోను.

ఒముర్జాక్!

అవును, పేరు పెట్టే పిలుస్తున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ 'ఇదిగో' అనీ 'ఏవండీ' అనీ 'పెద్దాడి నాన్నా' అనీ పిలిచి పిలిచి నాకు ఒరిగిందేమిటి? మీ అమ్మ సమాధిలో అటు నుంచి ఇటు దొర్లినా సరే, ఇవాళ మీరు లేదు, గీరు లేదు.

నేనెలా ఉన్నానని అడిగావట. చెబుతాను. కోపంగా ఉన్నాను. నిద్రలేవగానే కోపం, పాలు పితుకుతుంటే కోపం, ఆవులు నా చేయి చూసి బెదిరేంత కోపం. నా పక్కన పడుకుని, నా దుప్పటి కప్పుకుని, కాలు కుళ్ళిపోతుంటే "బాగానే ఉంది" అన్నావు. గుర్రం దిగని కంపౌండరుకి ఏ జవాబు చెప్పావో నాకూ అదే చెప్పావు. నేనూ వాడూ ఒకటేనా నీకు? తోళ్ళు మార్చింది ఈ చేతులు. నీ పాదం చల్లగా ఉందని ఈ చేతులకి తెలిసింది. రాత్రి చలికేమో అనుకున్నాయి, నువ్వు చెప్పలేదు కాబట్టి. ఏడుస్తానని చెప్పలేదా? ఏడిస్తే ఏడుస్తాను! ఏడుస్తూ గుర్రమెక్కి నారిన్ దాకా పోయి డాక్టర్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఎన్ని చలికాలాలు ఈ కొండమీద నీతో గడిపాను, నన్ను ఏమనుకున్నావు నువ్వు?

జిపార్ అడిగితే చెప్పావు. ఆ పిల్ల మీద కూడా కోపంగానే ఉంది, నేను అడగాల్సింది తను అడిగిందని. ఆ పిల్లకి చెప్పు, నేను వచ్చాక తన పాప వేళ్ళ సంగతి నాకూ మొదటి నుంచీ చెప్పాలని. ఇల్లు కడగను, పొయ్యి చూడను, కూర్చుంటాను.

మన రెండోది నీ పోలిక. ముక్కు, చెవులు, చిరాకు పడ్డప్పుడు నుదుటి మీద ఆ మడత కూడా నీదే. నువ్వు అడగలేదు. అడగనివాడికి ఎందుకు చెప్పాలని పంతం పట్టి నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఒకే కుండలో వండుకు తిన్నాం కానీ, ఆ బిడ్డని నేనొక్కదాన్నే మోశాను.

క్షేత్రం వాళ్ళు మందకి ఇంకో కాపరిని పంపుతామన్నారు. వద్దన్నాను. నడుం పట్టేసింది, ఎడమ భుజం లేవడం లేదు. సాయంత్రం టీ కాచి రెండు గిన్నెల్లో పోస్తున్నాను. రెండోది ఎవరికో గుర్తొచ్చాక కుక్కకి పోస్తున్నాను. గుడారంలో ఆ వాసన పోయింది. పోయాక ఇంకా భయం వేస్తోంది. నాకు భయం అంటే నువ్వు నమ్మవు, అయినా రాస్తున్నాను. నువ్వు తిరిగి రావేమోనని భయం. వచ్చి మళ్ళీ ఆ గోడ వైపే తిరుగుతావేమోనని అంతకన్నా భయం.

నేనెలా ఉన్నానో చెప్పాను. ఇంతగా ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఎలా ఉన్నావు నువ్వు? లేని కాలు నొప్పి పుడుతోందా? ఎవరూ చూడనప్పుడు ఏడుస్తున్నావా? తురార్ చేత ఉన్నదున్నట్టు రాయించు. 'దేవుడి దయ, బాగానే ఉంది' అన్న ముక్క ఆ ఉత్తరంలో కనబడిందా, మందని తోడేళ్ళకి వదిలేసి నారిన్ దాకా నడిచొచ్చి, ఆ రెండో కాలు నేనే విరగ్గొడతాను.

బురుల్చా